గురులాఘవం: ఒక అజగరానికి ఆహారం పెట్టిన వృత్తాంతం



"గృహస్థుడు అహింసను సంపూర్ణంగా పాటించగలడా?" అని సత్సంగాలలో జిజ్ఞాసువులు తరచుగా అడుగుతూ ఉంటారు. కోనసీమలో ముప్పయి ఏళ్ళకు పైగా సంస్కృతోపాధ్యాయునిగా ఉన్న నేను ఈ ప్రశ్నకు అనేక పర్యాయాలు సమాధానం చెప్పాను. యోగశాస్త్రం నుండి, మనుస్మృతి నుండి, మహాభారతం నుండి ప్రమాణాలు చూపి, శ్రోతలను సంతృప్తిపరచి, నేనూ సంతృప్తి చెందాను. ఆ సమాధానాలలో ఎంత భాగం నా అనుభవంలోనిదో, ఎంత భాగం కేవలం కంఠస్థమో మాత్రం అరవై ఎనిమిదవ ఏట, అమెరికాలోని మా అమ్మాయి ఇంట, ఒక చిన్న కొండచిలువ ముందు నిలబడినప్పుడే నాకు తెలిసింది. ఆ వృత్తాంతాన్ని, అందులోని నా దోషాలతో సహా, పాఠక మహాశయులకు నివేదిస్తున్నాను.

మా అమ్మాయి కుటుంబం టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాస్ నగర శివార్లలో నివసిస్తున్నది. నేను వెళ్ళేసరికి పధ్నాలుగేళ్ళ మా మనవడి గదిలో ఒక గాజుపెట్టె, అందులో చుట్టచుట్టుకొని పడుకున్న ఒక సర్పం ఉన్నాయి. అది బాల్ పైథాన్ అనే జాతిది. శాస్త్రనామం పైథాన్ రేజియస్. పశ్చిమ, మధ్య ఆఫ్రికా భూములు దాని జన్మస్థానం. భయం కలిగినప్పుడు తలను మధ్యలో దాచుకొని బంతివలె చుట్టుకుంటుంది కనుక ఆ పేరు వచ్చింది. విషం లేదు. పూర్తిగా ఎదిగినా ఐదడుగులకు మించడం అరుదు. మనవడు దానికి 'నూడిల్' అని పేరు పెట్టుకున్నాడు. ఆ పేరు నా నోటికి రాలేదు. అగస్త్య మహర్షి శాపంతో అజగరమైన నహుష చక్రవర్తి స్ఫురణకు వచ్చి, నేను దానిని మనస్సులో 'నహుషుడు' అని పిలుచుకునేవాడిని.

మొదటిరోజు అప్రయత్నంగా చేతులు జోడించాను. కార్తికమాసంలో నాగుల చవితినాడు మా అమ్మగారి వెంట పుట్టవద్దకు వెళ్ళి పాలు పోసిన సంస్కారం అది. మనవడు నవ్వి, "తాతయ్యా, పాములు పాలు తాగవు" అన్నాడు. "మరి ఏమి తింటుంది?" అని అడిగాను. వాడు నన్ను గరాజులోనికి తీసుకువెళ్ళి, అక్కడ వేరుగా ఉంచిన చిన్న ఫ్రిజ్ పైఅర తెరిచి చూపించాడు. పారదర్శకమైన సంచులలో, గడ్డకట్టిన తెల్లని ఎలుకపిల్లలు పరిమాణాన్ని బట్టి వరుసగా అమర్చి ఉన్నాయి. నేను రెండడుగులు వెనుకకు వేశాను.

ఆ సాయంత్రం అమ్మాయితో, "శాకాహారుల ఇంట ఇదేమిటమ్మా?" అన్నాను. "వాడు రెండేళ్ళు బతిమాలాడు నాన్నగారూ. వంటింట్లోకి మాత్రం రానివ్వనని షరతు పెట్టి ఒప్పుకున్నాం" అన్నది. నేను మరేమీ అనలేదు. ఆ గది వైపు వెళ్ళడం మాత్రం తగ్గించుకున్నాను.

జూన్ నెలలో మనవడు నాలుగు వారాల వేసవి శిబిరానికి వెళ్ళవలసివచ్చింది. అల్లుడుగారు తమ తల్లిగారి శస్త్రచికిత్స నిమిత్తం భారతదేశానికి వెళ్ళి ఉన్నారు. అమ్మాయికి ఆసుపత్రిలో రాత్రివేళ ఉద్యోగం. పగటివేళ ఇంట ఉండేది నేనొక్కడినే. బయలుదేరే ముందురోజు మనవడు నావద్దకు వచ్చి కూర్చున్నాడు. "తాతయ్యా, శిబి చక్రవర్తి కథ మీరే చెప్పారు కదా. ఆశ్రయించినవాళ్ళని వదలకూడదని మీరే అన్నారు. నూడిల్‌కి మనం తప్ప ఎవరూ లేరు" అన్నాడు. శాస్త్రం చెప్పినవానికి ఆ శాస్త్రమే ఎదురై నిలిచినప్పుడు తప్పించుకునే మార్గం ఉండదు. మాట ఇచ్చాను. వాడు వచ్చీరాని తెలుగులో ఒక కాగితం మీద నియమాలు వ్రాసి గాజుపెట్టెకు అంటించి వెళ్ళాడు. పదిరోజులకు ఒకసారి ఒక ఎలుకపిల్ల. బరువు 40 గ్రాములు. బతికి ఉన్నది వద్దు. పాము కళ్ళు నీలంగా మారితే పెట్టవద్దు. నాలుగే నియమాలు.

మొదటి వారమంతా నేను ఆ కాగితం నుండి తప్పించుకునే ఉపాయాలను వెదికాను. ఈ ప్రాణికి సాత్త్వికాహారం అలవాటు చేయవచ్చునా అని అమ్మాయిని అడిగాను. ఆమె నవ్వలేదు, ఓపికగా వివరించింది. కొండచిలువకు నమిలే పళ్ళు లేవు. దాని పళ్ళు వెనుకకు వంగి ఉండి, పట్టుకోవడానికి మాత్రమే పనికివస్తాయి. ధాన్యాన్ని, శాకాన్ని జీర్ణం చేసుకోగల శక్తి దానికి లేదు. అంగడిలో అమ్మే మాంసఖండం కూడా దానికి చాలదు; ఎముకలలోని సున్నం, కాలేయంలోని పోషకాలు అన్నీ కలిసిన సంపూర్ణ దేహమే దానికి ఆహారం. ప్రకృతి దానికి ఒకే మార్గాన్ని విధించింది. మనిషి శాకాహారం స్వీకరించడం వివేకానికి సంబంధించిన విషయం. ఆ వివేకాన్ని ఒక సర్పం కడుపు మీద రుద్దడం ధర్మం పేరిట దానిని ఆకలితో చంపడమే అవుతుంది. ఇంతవరకు నేను అంగీకరించాను.

పదవరోజు వచ్చింది. ఫ్రిజ్ తలుపు మీద చేయి వేశాను గాని, తెరవలేకపోయాను. శవాన్ని చేతితో తాకి, దానిని వేడిచేసి, మరొక ప్రాణి నోటికి అందించడం నావల్ల కాదనిపించింది. అప్పుడు నాకొక 'వేదాంతం' స్ఫురించింది. బతికి ఉన్న ఎలుకను పెట్టెలో విడిచిపెడితే, సర్పం తన స్వధర్మాన్ని తాను నిర్వర్తించుకుంటుంది. ఎలుక ప్రారబ్ధం ఎలుకది. నేను కేవలం సాక్షిని. చంపినది నేను కాదు, వండినది నేను కాదు, ముట్టుకున్నది కూడా నేను కాదు. ఆ యుక్తి నాకు అత్యంత సమంజసంగా తోచింది.

పొరుగున ఉన్న ఒక తెలుగువారిని తోడు తీసుకొని పెంపుడు జంతువుల దుకాణానికి వెళ్ళాను. ఏ పరిమాణం కావాలని అడిగారు. అక్కడ రెండవ యుక్తి కల్పించుకున్నాను. చిన్నవి మూడు బలియయ్యే బదులు పెద్దది ఒక్కటి చాలును కదా, మూడు ప్రాణాల పాపం ఒకటితో పోతుంది కదా అని లెక్కకట్టి, దాదాపు 120 గ్రాముల ఎలుకను ఎంచుకున్నాను. ఆనాటికి నహుషుని బరువు 400 గ్రాములు మాత్రమే.

ఇంటికి వచ్చి చూస్తే సర్పం కదలక మెదలక ఉన్నది. చర్మం కాంతి తగ్గి బూడిదవన్నెకు తిరిగింది. కళ్ళమీద పాలనీలపు పొర కమ్మి ఉన్నది. మనవడి కాగితం ఎదురుగానే ఉన్నది. అయినా నాకు ఆ స్థితి ధ్యానమగ్నుడైన యోగి స్థితివలె కనిపించింది. ఆకలి వేసినప్పుడు తానే కళ్ళు తెరుస్తుంది అనుకున్నాను. ఎలుకను లోపల విడిచి, మూత బిగించి, దీపం తగ్గించి, గది తలుపు వేసి, విష్ణుసహస్రనామ పారాయణానికి కూర్చున్నాను. ఆ రాత్రి ఆ గది వైపు చూడలేదు. సాక్షిని అని చెప్పుకున్నవాడిని సాక్షిగా కూడా ఉండలేదు.

తెల్లవారి అమ్మాయి ఆసుపత్రి నుండి వచ్చి తలుపు తెరిచింది. ఆమె కేక విని పరుగెత్తాను. కుబుసం విడిచే సమయంలో ఉన్న సర్పానికి చూపు మందగిస్తుంది. ఆహారం మీద ఆసక్తి ఉండదు. తనను తాను కాపాడుకునే ఉత్సాహం కూడా ఉండదు. రాత్రంతా భయంతో, దప్పికతో, పారిపోయే దారి లేక తిరిగిన ఎలుక, ఆ కదలని దేహాన్ని మూడుచోట్ల కొరికివేసింది. వెన్నుమీద ఒకచోట పొలుసులు లేచి ఎర్రని మాంసం కనిపిస్తున్నది. ఎలుక నీటిగిన్నె వెనుక ఒదిగి, దేహమంతా కంపిస్తూ ఉన్నది. రెండు ప్రాణులూ ఆ రాత్రి నరకం అనుభవించాయి. ఆ నరకాన్ని నిర్మించినది ఎలుక ప్రారబ్ధం కాదు, సర్పం స్వధర్మం కాదు. నేను.

సరీసృపాల చికిత్స తెలిసిన పశువైద్యురాలివద్దకు తీసుకువెళ్ళాము. ఆమె గాయాలను శుభ్రపరచి, మందు వ్రాసి, కుట్లు అవసరం లేదని చెప్పింది. తరువాత నన్ను కూర్చోబెట్టి, నిందించకుండా, ఆహారం ఎంచుకునే విధానాన్ని ఒక పాఠంగా చెప్పింది. ఆ పాఠాన్ని ఇక్కడ క్రమంగా వ్రాస్తున్నాను. విదేశాలలో పిల్లల కోసం ఇటువంటి ప్రాణిని ఇంటికి తెచ్చుకున్న ఆస్తిక కుటుంబాలవారు నాకు తరువాత కొందరు తారసపడ్డారు. వారికి ఉపకరించవచ్చును.

ఆహారప్రాణి దేహం, సర్పదేహంలో అత్యంత స్థూలమైన భాగం కంటె లావుగా ఉండరాదు. ఎదుగుతున్న సర్పానికి దాని బరువులో సుమారు పదవవంతు తగిన ప్రమాణం. 400 గ్రాముల దానికి 40 గ్రాములు. మరీ పెద్దదైతే మింగలేక, మింగినా జీర్ణం కాక కక్కివేస్తుంది; అది సర్పానికి ప్రమాదకరం. ఎదిగిన తరువాత బరువుతో పోల్చి భాగం తగ్గాలి, భోజనాల మధ్య వ్యవధి రెండు మూడు వారాలకు పెరగాలి. లేకుంటే కొవ్వు పట్టి రోగగ్రస్తమవుతుంది. ఇంట తిరిగే ఎలుకలను, పొలంలో పట్టిన ఎలుకలను ఎన్నడూ పెట్టరాదు. అవి విషాహారం తిని ఉండవచ్చు, క్రిములు కలిగి ఉండవచ్చు. ఆహారం కోసమే పెంచి, బొగ్గుపులుసు వాయువుతో స్పృహ తప్పించి ప్రాణం తీసి, గడ్డకట్టించిన వాటినే ఎంచుకోవాలి. అందులో ఎలుక అనుభవించే భయం, ఒక మూసిన పెట్టెలో శత్రువు ఎదుట గడిపే రాత్రితో పోల్చదగినది కాదు. సర్పానికి గాయమయ్యే ప్రమాదం అసలే లేదు.

గడ్డకట్టిన దానిని సంచిలోనే ఉంచి, ఫ్రిజ్ క్రిందిభాగంలో ఒక రాత్రి కరగనివ్వాలి. తరువాత సంచితోనే గోరువెచ్చని నీటిలో ఉంచి, సుమారు 38 డిగ్రీల సెల్సియస్ వేడిమికి తీసుకురావాలి. మైక్రోవేవ్‌లో పెట్టరాదు, ఒకచోట ఉడికి, మరొకచోట చల్లగా మిగిలిపోతుంది. ఈ జాతి సర్పానికి పెదవుల అంచున సన్నని గుంటలు ఉంటాయి. వాటితో అది ఉష్ణాన్ని గ్రహిస్తుంది. వెచ్చదనమే దానికి ప్రాణానికి గుర్తు. చేతితో కాక పొడవైన పట్టకారుతో, తల ముందుకు వచ్చేటట్లు అందించాలి. తినకుంటే మళ్ళీ గడ్డకట్టించి దాచరాదు. తిన్న తరువాత రెండురోజులు సర్పాన్ని ఎత్తుకోరాదు. ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుగుకోవాలి. ఈ నియమాలలో ముఖ్యమైనవన్నీ పధ్నాలుగేళ్ళ బాలుడు నాలుగు పంక్తులలో వ్రాసిపెట్టి వెళ్ళినవే. వాటిని చదివాను గాని, విశ్వసించలేదు.

ఇక ఎలుక సంగతి. దుకాణంవారు తిరిగి తీసుకోబోమన్నారు. పంజరంలో పుట్టి పెరిగినదానిని బయట విడిస్తే బతకదని వైద్యురాలు చెప్పింది. అమ్మాయి ఒక పంజరం కొని తెచ్చింది. ఆ విధంగా విఘ్నేశ్వరుని వాహనం మా ఇంట ఉండిపోయింది. ప్రతి ఉదయం దానికి గింజలు, కూరగాయముక్కలు పెట్టేవాడిని. నాలుగైదు రోజులలో నా చేతినుండి తీసుకొని, రెండు చేతులతో పట్టుకొని తినడం మొదలుపెట్టింది. దానిని చూస్తున్నంతసేపూ ఒక ప్రశ్న నన్ను వేధించేది. నా అజ్ఞానం వల్ల యాదృచ్ఛికంగా బతికిన ఈ ఎలుక మీద నాకు కలిగిన వాత్సల్యానికి, గరాజులోని సంచులలో ఉన్న ఎలుకల మీద నాకు కలుగుతున్న జుగుప్సకు భేదం ఎక్కడ ఉన్నది? ఆత్మదృష్టితో భేదం లేదు. దేహదృష్టితోనూ భేదం లేదు. ఒకదాని కళ్ళను నేను చూశాను, తక్కినవాటి కళ్ళను చూడలేదు. అంతే.

ఆ రోజులలో యోగసూత్రాలను మళ్ళీ తెరిచాను. హింస మూడు విధాలని పతంజలి మహర్షి విభజించారు: తాను చేసినది కృతం, ఇతరులచేత చేయించినది కారితం, ఇతరులు చేయగా సమ్మతించినది అనుమోదితం. అది లోభంవల్ల గాని, క్రోధంవల్ల గాని, మోహంవల్ల గాని కలుగుతుంది. మృదువుగా, మధ్యమంగా, తీవ్రంగా ఉంటుంది. ఈ విభాగాన్ని నేను బోధించిన సందర్భాలకు లెక్కలేదు. అయినా, నా చేయి తగలకుంటే అది హింస కానట్లే ప్రవర్తించాను. సర్పంచేత చేయించాను, కనుక కారితం. మూలం మోహం. ఒక రాత్రంతా రెండు ప్రాణులను వేధించినది, కనుక తీవ్రం. నేను శవమని జుగుప్సపడి తాకని ఆ గడ్డకట్టిన ఎలుకపిల్లను పెట్టి ఉంటే, దోషం లేకపోయేదని అనను, మృదువై ఉండేది. నా చేతుల శుచిత్వం కోసం మృదువైన హింసను తీవ్రహింసగా మార్చాను. దానికి సాక్షిభావమని పేరు పెట్టుకున్నాను.

మరొక విషయం. శ్రీమద్భాగవతం ఏకాదశస్కంధంలో అవధూత యదుమహారాజుకు చెప్పిన ఇరువదినలుగురు గురువులలో అజగరం ఒకటి. యదృచ్ఛగా లభించినదానిని స్వీకరించడం, లభించకుంటే చలించకుండా ఉండడం దానివద్ద నేర్వవలసిన గుణం. నేను నహుషుని ముందు నిలబడి ఆ ఘట్టాన్ని స్మరించుకొని ఎంతో ముచ్చటపడేవాడిని. అడవిలోని అజగరానికి యదృచ్ఛగా వచ్చేది ఈశ్వరేచ్ఛ. గాజుపెట్టెలోని అజగరానికి యదృచ్ఛగా వచ్చేది నా నిర్ణయం. దాని వేడిమి, దాని నీరు, దాని ఆహారం, ఆహారపు పరిమాణం, సమయం అన్నీ నా చేతిలో ఉన్నాయి. అజగరవృత్తి దానికి శోభిస్తుంది. దానిని పోషించేవానికి శోభించదు. పోషకుడు ఉదాసీనుడైతే దానికి దైవమే ఉదాసీనమైనట్లు.

కుబుసం విడిచి, గాయాలు మానుముఖం పట్టేవరకు ఆగమని వైద్యురాలు చెప్పింది. పన్నెండు రోజులు ఆగాము. పదమూడవనాటి రాత్రి గరాజులోని ఫ్రిజ్ తలుపు నేనే తెరిచాను. ఒక సంచిని తీసి క్రిందిఅరలో ఉంచాను. మరునాటి సాయంత్రం మనవడు ఇందుకోసమే ఉంచిన చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు మీద తూచాను. 38 గ్రాములు.

ఆ త్రాసుముందు శిబి చక్రవర్తి స్మరణకు వచ్చాడు. ఆ కథలో మనం పావురాన్ని గుర్తుంచుకుంటాము, డేగ వాదాన్ని మరచిపోతాము. 'ఈ పక్షిని నీవు కాపాడితే నేను, నా మీద ఆధారపడినవారు ఆకలితో మరణిస్తాము. ఒక ధర్మం మరొక ధర్మాన్ని బాధిస్తే అది ధర్మమెట్లా అవుతుంది?' అన్నది డేగ భావం. శిబి ఆ వాదాన్ని తోసిపుచ్చలేదు. త్రాసు తెప్పించాడు. తన దేహం నుండి మాంసం కోసి ఇచ్చాడు. అంతటి త్యాగం నాకు శక్యం కాదు. నాకు శక్యమైనది సరిగా తూచడం మాత్రమే.

వేడినీటిలో వెచ్చబరచి, పట్టకారుతో పట్టుకొని, పెట్టె తలుపు తెరిచాను. ఏదైనా మంత్రం చెప్పాలనిపించింది. నాగాభరణుని నామం నాలుక చివరకు వచ్చింది. దానితో ఈ కర్మను కడిగివేసుకోవాలని చూస్తున్నానేమోనని సందేహం కలిగి, మౌనంగా ఉండిపోయాను. నహుషుడు తల ఎత్తాడు. రెండుసార్లు నాలుక చాచాడు. రెప్పపాటులో అందుకొని మూడు చుట్లు చుట్టాడు. ప్రాణం లేనిదానిని సైతం అలాగే బిగించడం ఆ జాతి స్వభావం. కొంతసేపటికి సడలించి, తలభాగాన్ని వెదుక్కొని, మెల్లమెల్లగా మింగడం మొదలుపెట్టాడు. నేను చూపు మరల్చలేదు. చేయించినవాడు చూడకుండా ఉండే హక్కు కోల్పోతాడని ఆనాటికి నాకు అర్థమైంది. పావుగంట పట్టింది. తరువాత చేతులు కడుగుకొని, స్నానం చేసి, సంధ్యావందనం చేసుకున్నాను.

ఆ రాత్రి పెరుగన్నం ముద్ద నోటివరకు వచ్చి ఆగిపోయింది. జుగుప్సవల్ల కాదు. మా ఊరి వరిచేలు కళ్ళముందు కదిలాయి. గోదావరి డెల్టాలో వరి పండించేవారికి ఎలుకల బెడద తెలియనిది కాదు. పంట పాలు పోసుకునే వేళకు ఎలుకలు పట్టేవారు వచ్చి, సాయంత్రం గట్లవెంట బుట్టలు అమర్చి, తెల్లవారుజామున చచ్చిన ఎలుకలను లెక్కచూపేవారు. మా నాన్నగారు ఎలుకకు ఇంత అని లెక్కకట్టి డబ్బు ఇచ్చేవారు. బాల్యంలో నేను ప్రక్కన నిలబడి లెక్కపెట్టేవాడిని. ఆ చేలలోని బియ్యంతోనే మా ఇంట నివేదన జరిగేది. ఆ అన్నాన్నే నేను సాత్త్వికాహారమని ఇన్నేళ్ళుగా తింటున్నాను. అది సాత్త్వికాహారం కాదని ఇప్పటికీ అనను. అయితే ఎలుకల లెక్కలేని పళ్ళెం నాది, ఎలుకల లెక్కతో నిండిన పెట్టె మనవడిది అనే అహంకారం ఆ రాత్రితో తొలగిపోయింది.

మన పూర్వులకు ఈ సత్యం తెలుసు. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు రోకలి, నీళ్ళకుండ అనే అయిదింటినీ గృహస్థుని ఇంటిలోని వధ్యస్థానాలుగా మనుస్మృతి పేర్కొన్నది. ఆ దోషనివారణకే పంచమహాయజ్ఞాలను విధించింది. వాటిలో భూతయజ్ఞం ఇతర ప్రాణులకు ఆహారం సమర్పించడం. మిథిలానగరపు ధర్మవ్యాధుడు కూడా కౌశికునికి ఇదే చెప్పాడు: నాగలి దున్నినా ప్రాణులు నశిస్తాయని. హింస లేని గృహం ఉన్నదని మన శాస్త్రం ఎక్కడా మభ్యపెట్టలేదు. హింసను గుర్తించమని, తగ్గించమని, ఋణంగా భావించి తీర్చుకోమని చెప్పింది.

ఆ రోజులలోనే అరణ్యపర్వంలోని ఆజగర ఉపాఖ్యానాన్ని మళ్ళీ చదివాను. భీముని బంధించిన అజగరం నహుషుడే. ధర్మరాజు దానిని ఒక ప్రశ్న అడుగుతాడు: దానం, సత్యం, అహింస, ప్రియభాషణం, వీటిలో ఏది గొప్పది? ఆకలిగొన్న ఆ సర్పం, ఇది గొప్పది, అది తక్కువ అని శాశ్వతమైన నిర్ణయం చెప్పలేదు. చేయవలసిన కార్యం యొక్క గౌరవాన్ని బట్టి వీటి గురులాఘవం, అంటే బరువు తేలికలు, నిర్ణయం కావాలన్నది. ఎన్నోమారులు చదివిన ఘట్టమే. గురులాఘవం అనే పదానికి తూకం అనే అర్థం ఉన్నదని ఆ త్రాసు వాడిన తరువాతనే నాకు పట్టుబడింది. ఇచ్చిన మాట, ఆశ్రితుని ఆకలి, ఎలుక ప్రాణం, నా ఆచారం, ఇవన్నీ ఆనాడు నా ముందున్నాయి. వీటిలో అన్నిటికంటె తేలికైన నా ఆచారాన్ని అన్నిటికంటె బరువైనదిగా భావించి పొరబడ్డాను.

మనవడు శిబిరం నుండి తిరిగివచ్చాడు. సంచి కూడా దించకుండా గదిలోనికి వెళ్ళాడు. వెన్నుమీది మచ్చలను చూశాడు. నేను దాచకుండా జరిగినదంతా చెప్పాను. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను రాశాను కదా తాతయ్యా" అన్నాడు. "రాశావు నాయనా. చదివాను. నాకు తెలిసినదే గొప్పదనుకున్నాను" అన్నాను. రెండురోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మూడవనాడు ఎలుక పంజరంవద్ద కూర్చున్న నా ప్రక్కకు వచ్చి, దానికి ఒక గింజ అందించాడు. చాలాసేపు మౌనంగా ఉండి, "తాతయ్యా, నేను నూడిల్‌ని తెచ్చుకోవడమే తప్పా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు నేను వెంటనే సమాధానం చెప్పలేదు. కాగితం, కలం తీసుకొని ఇద్దరమూ లెక్క వేశాము. ఈ జాతి సర్పం చక్కగా పోషిస్తే ముప్పయి ఏళ్ళు కూడా జీవించవచ్చును. ఎదిగిన తరువాత రెండువారాలకు ఒకటి చొప్పున ఏడాదికి 26 ప్రాణులు. ముప్పయి ఏళ్ళకు 780. వాడు ఆ సంఖ్యను చూస్తూ ఉండిపోయాడు. "కొనే ముందు ఈ లెక్క వేసుకొని ఉంటే బాగుండేది. ఇప్పుడు లెక్క మారదు, అది నీ ఇంటికి వచ్చింది" అన్నాను.

"అడవిలో వదిలేస్తే?" అన్నాడు. వాడికే సమాధానం తెలుసు. అది ఆఫ్రికా ప్రాణి. టెక్సాస్ నేల దానికి అడవి కాదు. ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడినేలలలో, పెంపకం నుండి బయటపడిన బర్మా కొండచిలువలు సంతతి పెంచుకొని, అక్కడి చిన్న జంతువులను చాలామేరకు తుడిచిపెట్టిన సంగతి వాడి పాఠ్యపుస్తకంలోనే ఉన్నది. దయ పేరిట బాధ్యతను విడిచిపెట్టడం కూడా హింసకు ఒక రూపమే. మన దేశంలో అయితే ఈ ప్రశ్నకు చట్టమే ముందుగా సమాధానం చెప్పింది: మన అడవులలోని కొండచిలువ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నది; దానిని పట్టడం, ఇంట ఉంచుకోవడం నేరం.

పాఠక మహాశయులలో ఎవరి పిల్లలైనా ఇటువంటి కోరికతో వస్తే, నా మనవి ఒక్కటే. మీరు ఆ ఫ్రిజ్ తలుపు తెరవగలరా, ముప్పయి ఏళ్ళు తెరవగలరా అని మిమ్మల్ని మీరు ముందుగా ప్రశ్నించుకోండి. తెరవలేనివారు ఆ ప్రాణిని తెచ్చుకోకండి. అందులో అవమానం లేదు, అదే ఉత్తమమైన అహింస. ఇప్పటికే తెచ్చుకున్నవారు నియమాలు తెలుసుకొని, తూచి, వెచ్చబరచి, దగ్గర నిలిచి పెట్టండి. నా ఆచారం, నా అనుష్ఠానం అంటూ ఆ పనిని పిల్లల మీదికి, పనివారి మీదికి, ప్రారబ్ధం మీదికి నెట్టకండి.

నేను కోనసీమకు తిరిగివచ్చి కొన్ని మాసాలైంది. ఎలుక అక్కడే, మనవడి గదిలో రెండవ పంజరంలో ఉన్నది. ఆదివారంనాడు వీడియోలో మాట్లాడినప్పుడు నహుషుని చూపించాడు. రెండుసార్లు కుబుసం విడిచాడట. వెన్నుమీద రెండు మచ్చలు పోయాయి, మూడవది మిగిలింది. "ఇప్పుడు 550 గ్రాములు తాతయ్యా. ఈ రాత్రి 55 గ్రాములది పెట్టాలి" అన్నాడు. "తూచావా?" అని అడిగాను. "తూచాను" అన్నాడు. "పెట్టేటప్పుడు దగ్గరే ఉండు" అన్నాను.

స్వస్తి.